తార్నాక కోడిపిల్లలు, నల్లగొండ వెన్నుపూసలు

మెదడూ వెన్నుపామూ ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో హైదరాబాద్ తూర్పు వైపున తెలుసుకున్నది స్కానర్ల వల్ల కాదు. పేదవాడి కంచం, ఊరి బావి చెప్పాయి.

ఒకరోజు వయసున్న కోడిపిల్ల. కేసరి పప్పు నుంచి తీసిన సారాన్ని సూదితో దాని ఒంట్లోకి ఎక్కించారు. కాసేపటికి మెడ మెలితిరిగింది. తల వెనక్కి వాలిపోయింది. కాళ్లు కొయ్యబారాయి, ఫిట్స్ మొదలయ్యాయి. ఏపుగా ఎదిగిన కోడికి ఎక్కిస్తే మాత్రం ఇవేవీ కనిపించవు.

1963లో హైదరాబాద్ న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డి.ఎన్.రాయ్, వి.నాగరాజన్, సి.గోపాలన్ చేసిన ప్రయోగం ఇది. ‘కరెంట్ సైన్స్’ పత్రికలో అచ్చయింది. ఆ లేబొరేటరీయే 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మనందరి నోట్లో ఎన్ఐఎన్. అంబర్‌పేట ఆరో నంబరు నుంచి శివం రోడ్డు పట్టుకుని, అడిక్‌మెట్ మీదుగా ఉస్మానియా క్యాంపస్‌లోకి దూరి అవతలికి తేలితే తార్నాక, అక్కడే ఆ సంస్థ. ఇంకాస్త ముందుకెళితే హబ్సిగూడ, సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ. ఉప్పల్ వెళ్లే మెట్రోలో ఒక స్టేషన్‌కు పేరే ఎన్‌జీఆర్‌ఐ. అంబర్‌పేట, నాచారం, ఉప్పల్ జనం రోజూ ఈ గేట్ల ముందు నుంచే బస్సుల్లో వెళుతుంటారు. లోపల ఏం జరుగుతుందో, ఏం జరిగిందో పట్టించుకునే తీరిక ఎవరికుంది?

ఆ గేట్ల లోపల అరవై ఏళ్ల కిందటే తేలిన విషయాలు కొన్ని ఉన్నాయి. మనిషి నడక ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ తెగుతుంది, తెగితే ఏమవుతుంది అన్నవి. ఈరోజు ప్రపంచంలో పెద్ద పెద్ద ల్యాబులు కోట్లు పోసి చేస్తున్న పరిశోధనల్లో కొంత భాగం ఇదే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. తేడా ఒక్కటే. అక్కడ ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తున్నారు. ఇక్కడ తిండీ నీళ్లూ చెడగొట్టిన నడకను చూసి నేర్చుకున్నారు.

నడిపేది ఎవరు?

నడవాలని మెదడు అనుకుంటుంది, కాళ్లు నడుస్తాయి. మనకు తెలిసిన లెక్క ఇంతే. అసలు సంగతి ఇంత తేలిక కాదు.

1911లో థామస్ గ్రాహమ్ బ్రౌన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పిల్లి వెన్నుపాముకు మెదడుతో సంబంధం తెంపేశాడు. కాళ్ల నుంచి వచ్చే స్పర్శ నరాలనూ కోసేశాడు. పైనుంచి ఆజ్ఞ లేదు, కింది నుంచి కబురు లేదు. అయినా కాలి కండరాలు ఒకదాని తర్వాత ఒకటి లయగా బిగుస్తూ సడలుతూ ఉన్నాయి. నడక తాళం వెన్నుపాములోనే ఉందన్నమాట. ఆ మాట అప్పట్లో పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు. వెన్నుపాము అంటే మెదడు నుంచి కాళ్లకు వేసిన తీగల కట్ట అనే నమ్మకం అంత బలంగా ఉండేది. 1966లో మాస్కోలో షిక్, సెవెరిన్, ఓర్లోవ్‌స్కీ పిల్లి మెదడు కాండంలో ఒక చోట చిన్న కరెంటు ఇచ్చారు. పిల్లి నడిచింది. కరెంటు పెంచితే పరుగెత్తింది. ఏ కాలు ఎప్పుడు లేవాలో ఆ కరెంటు చెప్పలేదు. ‘కానివ్వండి’ అన్నది, అంతే.

కోలాటం చూసిన వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గురువు ఈల వేసి కోపు మారుస్తాడు. ఎవరి కర్ర ఎవరి కర్రకు తగలాలో అడుగడుక్కీ చెప్పడు. తాళం ఆడేవాళ్ల ఒంట్లోనే ఉంటుంది. అయితే గురువుకు ఇంకో పని కూడా ఉంది. ఎవరైనా హుషారెక్కి తప్పుడు అడుగేస్తే ఆపడం.

మన కథకు కీలకం ఆ రెండో పనే. మెదడు పైపొర నుంచి వెన్నుపాములోకి దిగే నరాల తంతువులు ఒక్కో వైపున సుమారు పది లక్షలు. కాళ్ల దాకా వెళ్లేవి అన్నిటికన్నా పొడవు, అర మీటరు దాటుతాయి. ఇవి ‘కదులు’ అని చెప్పడంతో సరిపెట్టవు. వెన్నుపాములో ఉన్న కోట్ల న్యూరాన్లు వాటంతట అవి రెచ్చిపోకుండా అదుపులో పెట్టడంలోనూ వీటికి వాటా ఉంది. ఆ అదుపు పోతే కాళ్లు చచ్చుబడి వేలాడవు. కర్రల్లా బిగుసుకుంటాయి. మోకాలి కింద సుత్తితో చిన్నగా తడితే కాలు ఎగిరి తంతుంది. అరికాలు గీస్తే బొటనవేలు కిందికి ముడుచుకోవడానికి బదులు పైకి లేస్తుంది. ఈ చివరి గుర్తును ఫ్రెంచి డాక్టర్ బబిన్‌స్కీ 1896లో చెప్పాడు. నేటికీ గాంధీలోనో ఉస్మానియాలోనో హౌస్‌సర్జన్ మొదట చూసేది అదే. పైసా ఖర్చు లేని పరీక్ష, తాళంచెవి ఉంటే చాలు.

గోధుమ పోయి, కేసరి మిగిలి

ఇప్పుడు కోడిపిల్లకు ఎక్కించిన ఆ కేసరి దగ్గరికి వద్దాం. బ్రిటిష్ అధికారి స్లీమన్ పేరు థగ్గుల కథల్లో విన్నాం. ఆయన 1844లో అచ్చేసిన జ్ఞాపకాల పుస్తకంలో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని సాగర్ ప్రాంతపు పల్లెల గురించి ఒక పేజీ ఉంది. 1829లో వడగళ్లకు గోధుమ పోయింది. 1830లో వానల్లేవు. 1831లో తెగులు. మూడేళ్లూ చెక్కుచెదరని పంట ఒక్కటే, అక్కడివాళ్లు తివ్‌డా అనే కేసరి. జనం దాన్నే తిని బతికారు. 1833 వచ్చేసరికి ముప్పై ఏళ్లలోపు వాళ్లకు ఉన్నట్టుండి నడుము కింద కాళ్లు పడిపోవడం మొదలైంది. రాత్రి బాగానే పడుకున్న కుర్రాడు తెల్లారి లేవలేకపోయాడు.

ఈ జబ్బుకు డాక్టర్లు పెట్టిన పేరు లాథిరిజం. ఎంత ముదిరిందో చెప్పడానికి వాళ్లు వాడే మెట్లు వింటే మనసు చివుక్కుమంటుంది. కర్ర అక్కర్లేని దశ, ఒక కర్ర దశ, రెండు కర్రల దశ, పాకే దశ. మడమ నేలకు ఆనదు. మునివేళ్ల మీద, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ, కత్తెరలా కాళ్లు అడ్డంపడుతూ నడుస్తారు. బుర్ర బాగానే పనిచేస్తుంది. చేతులు సాధారణంగా బాగానే ఉంటాయి. స్పర్శ పోదు. ఆయుష్షు తగ్గదు. జబ్బు ఒకసారి వచ్చి అక్కడే ఆగిపోతుంది, తగ్గదు. ఇరవై ఏళ్లప్పుడు పాకడం మొదలుపెట్టిన మనిషి డెబ్బై ఏళ్ల దాకా పాకుతూనే ఉంటాడు.

మధ్యప్రదేశ్‌లోని రేవా వైపు భూస్వాములు వెట్టి కూలీలకు కూలిగా ఇచ్చింది ఈ గింజలనే. గోధుమ తమకు, కేసరి పాలేరుకు. కరువు తెచ్చిన జబ్బు అని పుస్తకాల్లో రాస్తారు గానీ, పంట బాగా పండిన ఏడు కూడా కూలీ కంచంలో కేసరే ఉంటే ఆ నేరం కరువుదా? రెండో ప్రపంచ యుద్ధంలో రుమేనియా ప్రభుత్వం వాప్నియార్కా అనే క్యాంపులో యూదు ఖైదీలకు రోజుకు 400 గ్రాముల చొప్పున ఇవే గింజలు ఉడికించి పెట్టింది. 1943 జనవరి నాటికి వందల మందికి కాళ్లు బిగుసుకుపోయాయి. ఖైదీల్లోనే ఉన్న డాక్టర్ ఆర్థర్ కెస్లర్ ఇది లాథిరిజం అని పసిగట్టాడు. ప్రాణాలకు తెగించి అధికారులతో వాదించాడు. ఆ బాధితుల్లో ఒకరు తర్వాత ఇజ్రాయెల్‌లో చనిపోతే శవపరీక్ష చేశారు. మెదడు నుంచి దిగే తంతువులు వెన్నుపాము పైభాగంలో కన్నా నడుము దగ్గర ఎక్కువగా నశించి ఉన్నాయి. అన్నిటికన్నా పొడవైనవి, అన్నిటికన్నా ముందు.

విషం దొరికింది, ఇద్దరికి

గింజలో ఏముంది? హైదరాబాద్‌లో కోడిపిల్లల మెడలు తిరిగిన ఆ రోజుల్లోనే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్.రావు, పి.ఆర్.అడిగ, పి.ఎస్.శర్మ దాన్ని విడదీసే పనిలో ఉన్నారు. 1964లో ‘బయోకెమిస్ట్రీ’ పత్రికలో ఆ పదార్థం ఏమిటో ప్రకటించారు. దాని పూర్తి పేరుకు నోరు తిరగదు. పొట్టిపేరు ఓడాప్. అదే ఏడాది ఢిల్లీ నుంచి వి.వి.ఎస్.మూర్తి, టి.ఆర్.శేషాద్రి, టి.ఎ.వెంకిటసుబ్రమణియన్ విడిగా అదే పదార్థాన్ని పట్టుకున్నారు. శేషాద్రి అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర శాఖను నిలబెట్టిన మనిషి. ఎస్.ఎల్.ఎన్.రావు ఆ తర్వాత మన ఉస్మానియాకే వచ్చారు. అంటే అంబర్‌పేట గోడ పక్కకి.

ఓడాప్ విషమైతే పెద్ద కోడికి ఎందుకు ఏమీ కాలేదు? రక్తానికీ మెదడుకూ మధ్య ఒక కాపలా పొర ఉంటుంది. దొరికిన ప్రతిదాన్నీ లోపలికి రానివ్వదు. కోడిపిల్లలో ఆ కాపలా ఇంకా పూర్తిగా కట్టుకోలేదు, పెద్దదానిలో కట్టుకుంది. ఈ ఊహ నిజమో కాదో చూడ్డానికి రావు బృందం 1967లో ఒక పని చేసింది. కాపలాను తప్పించి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకే నేరుగా ఓడాప్ ఎక్కించారు, ఎదిగిన కోతులకు. వాటి వెనక కాళ్లు పడిపోయాయి. ‘నేచర్’లో వచ్చిన ఆ పేపర్ మీద ఎస్.శ్రీరామాచారి పేరు కూడా ఉంది. తర్వాత భోపాల్ గ్యాస్ బాధితుల శరీరాల్లో ఏం జరిగిందో ఏళ్ల తరబడి వెతికిన పాథాలజిస్టు ఆయనే.

ఇక ఓడాప్ లోపలికి వెళ్లి ఏం చేస్తుంది? మన నరాలు ఒకదాన్ని మరొకటి తట్టి లేపడానికి వాడుకునే ముఖ్యమైన రసాయనం గ్లుటమేట్. వంటింట్లో అజినమోటో అంటే దాని ఉప్పే. అమెరికాలో జాన్ ఓల్నీ 1969లో అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు దాన్ని ఎక్కువ మోతాదులో సూదితో ఇచ్చి, తట్టి లేపడం శృతి మించితే న్యూరాన్ చచ్చిపోతుందని చూపించాడు. (నూడుల్స్‌లో చిటికెడు వేసుకున్నందుకు బెంగ పెట్టుకోనక్కర్లేదు, ఆ మోతాదు వేరు, ఆ దారి వేరు.) ఓడాప్ ఆకారం గ్లుటమేట్‌ను పోలి ఉంటుంది. అదే తలుపు తడుతుంది. న్యూరాన్ లేస్తుంది, ఇక పడుకోదు. లోపల శక్తి పుట్టించే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. పొడవైన తంతువును పోషించాల్సిన కణానికి ఖర్చెక్కువ, ముందు దివాలా తీసేది అదే.

ఇక్కడ ఇంకో చిక్కుముడి ఉంది. లాథిరిజం మగవాళ్లలో ఎక్కువ, ఆడవాళ్లలో తక్కువ. ఒకే ఇల్లు, ఒకే కుండలో తిండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, తర్వాత మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రాన్ని నడిపిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ బృందం ఈ ముడి విప్పింది. ఆడ ఎలుకల నాడీమండలంలో గ్లూటారెడాక్సిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండి మైటోకాండ్రియాను కాపాడుతోంది. దాన్ని తగ్గిస్తే ఆడ ఎలుకల మైటోకాండ్రియా కూడా దెబ్బతింటున్నాయి. ఆ ప్రోటీన్ వెనక ఉన్నది ఈస్ట్రోజెన్. పాకే మగవాళ్లను చూసి ‘బలహీనులు’ అని నవ్విన ఊళ్లు ఉన్నాయేమో గానీ, బలం లెక్క హార్మోన్ల దగ్గర వేరేగా ఉంది.

తార్నాక వాళ్లు కోడిపిల్లల ప్రయోగంతో ఊరుకోలేదు. ఇది నాకు నచ్చిన సంగతి. 1966లో గోపాలన్ బృందం వంటింటి చిట్కా ఒకటి చెప్పింది. పప్పును వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే విషంలో చాలా భాగం పోతుంది. ధాన్యం ఉప్పుడు చేసినట్టు గింజను ఉప్పుడు చేసినా అంతే. చదవగానే బ్రహ్మాండం అనిపిస్తుంది. కానీ రెండుసార్లు నీళ్లు మరిగించడానికి కట్టెలెక్కడివి, పొద్దుగూకే దాకా పొలంలో ఉన్న ఇల్లాలికి తీరికెక్కడిది? ల్యాబులో గెలిచిన చిట్కా పొయ్యి దగ్గర ఓడిపోయింది.

1961 నుంచి కేసరి పప్పు అమ్మకం మీద నిషేధం ఉంది. అయినా కొన్ని రాష్ట్రాల్లో సాగు ఆగలేదు. పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో వరి కోయకముందే ఆ చేలో కేసరి చల్లేస్తారు. దుక్కి అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. ఓడాప్ బాగా తగ్గించిన రతన్, ప్రతీక్, మహాతివ్‌డా వంటి రకాలు వచ్చాయి. 2016లో ఇలాంటి రకాలకు దారి ఇవ్వొచ్చన్న సిఫారసూ వచ్చింది. ఎస్.ఎల్.ఎన్.రావు అయితే ఇంకో అడుగు ముందుకేశారు. విషాన్ని కనిపెట్టిన మనిషే 2011లో ‘ఓడాప్‌లో మంచి కూడా చూడండి’ అంటూ వ్యాసం రాశారు. చైనా వాళ్లు రక్తం కారడం ఆపడానికి వాడే ఒక మూలికలో ఉన్నదీ ఇదే పదార్థం. మామూలు తిండి తింటూ దాంతోపాటు కొద్దిగా కేసరి తినేవాడికి ఏమీ కాదని, అదొక్కటే గతి అయినవాడికే ముప్పని ఆయన వాదన. శాస్త్రం మాట ఎలా ఉన్నా, అదొక్కటే గతి అయ్యేవాళ్లు లేని దేశం అయ్యాక ఆ నిషేధం ఎత్తేస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

బావిలోంచి వచ్చిన ఎముక

కేసరి కథ మనకు కొంచెం దూరం. ఫ్లోరైడ్ కథ ఉప్పల్ దాటి కొంత దూరం వెళితే మొదలవుతుంది.

1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా పల్లెల గురించి రాశారు. పళ్ల మీద గారలతో మొదలై, నడుం వంగక, మెడ తిరగక, చివరికి కాళ్లూ చేతులూ పడిపోయిన మనుషులు. కారణం బావి నీళ్లలో ఫ్లోరైడ్. పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే పెద్దవాళ్లు తల పంకిస్తారు. 1955లో ఎ.హెచ్.సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో రాశారు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. నల్లగొండలో కొన్ని చోట్ల అది 10 కూడా దాటింది.

1973లో ఎన్ఐఎన్ నుంచి కె.ఎ.వి.ఆర్.కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ‘లాన్సెట్’లో మరో ముఖం చూపించారు, మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లలు. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భజలం పైకి లేచి, నేల క్షారమై, జొన్నల్లో మాలిబ్డినం పెరిగి, ఒంట్లో రాగి కొరత వచ్చిందని వాళ్ల అనుమానం. ప్రాజెక్టు పచ్చదనం ఇచ్చింది, ఈ లెక్క కూడా చూడాల్సి వచ్చింది.

వెన్నుపాము దగ్గర జరిగేది ఇదీ. ఫ్లోరైడ్ ఎముకలో చేరి దాన్ని మందం చేస్తుంది. వెన్నుపూసల్ని కట్టి ఉంచే మెత్తని బంధనాలు కూడా ఎముకగా మారతాయి. వెన్నుపాము వెళ్లే సొరంగం ఏడాదికేడాది ఇరుకవుతుంది. వెన్నుపాము మందం వేలంత, సుమారు సెంటీమీటరు. పక్కకి జరగడానికి చోటుండదు. మెడ దగ్గర నొక్కుకుంటే అక్కడి నుంచి చేతికి వెళ్లే నరాలు చచ్చుబడి చెయ్యి సన్నబడుతుంది. అక్కడ్నుంచి కిందికి వెళ్లే తంతువులు నలిగి కాళ్లు బిగుసుకుంటాయి. ఒకే చోట దెబ్బ, చేతిలో ఒక తీరు, కాళ్లలో మరో తీరు. మొదటిది తీగ తెగిన లక్షణం, రెండోది అదుపు తప్పిన లక్షణం. మెదడు–వెన్నుపాము నెట్‌వర్క్ ఎలా కట్టి ఉందో వైద్య విద్యార్థికి ఇంతకన్నా బాగా ఏ బొమ్మా చెప్పలేదు. ఆ పాఠానికి ఒక మనిషి తన నడకను ఫీజుగా కట్టాల్సి వచ్చిందనేది వేరే సంగతి.

ఈ రోగుల్ని దశాబ్దాల పాటు చూసి, కోసి, రాసిన న్యూరోసర్జన్ డాక్టర్ దేమె రాజారెడ్డి. నిమ్స్ డైరెక్టర్‌గా చేశారు. దక్కన్ నాణేల మీద పుస్తకాలు రాసిన పరిశోధకుడు కూడా. ఎముకల ఫ్లోరోసిస్ ముదిరినవాళ్లలో పదోవంతు మందికి నరాల సమస్యలు వస్తాయని, అందులో మెడ దగ్గరి నొక్కుడే ముఖ్యమని ఆయన లెక్క చెప్పారు. ఆపరేషన్ అంటే వెన్ను వెనక కప్పును తీసేసి వెన్నుపాముకు చోటివ్వడం. ఫ్లోరోసిస్ ఎముక మామూలు పరికరాలకు లొంగనంత గట్టిగా ఉంటుంది, డ్రిల్లు వేడెక్కిపోతుంది, కింద ఉన్నదేమో పాలమీగడంత సుతారమైన నాడీకణజాలం. అంత కష్టపడ్డా, ఏళ్ల తరబడి నలిగిన తంతువులు తిరిగి మొలవవు. త్వరగా వచ్చినవాళ్లకే మేలు.

నీళ్లు మారాక ఏం జరిగిందో కూడా చెప్పాలి. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ పెట్టారు. కృష్ణా నీళ్లు మర్రిగూడ, మునుగోడు పల్లెల కుళాయిల్లోకి వచ్చాయి. 2020లో తెలంగాణలో ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాలు లేవని కేంద్రం ప్రకటించింది. కుళాయి సంగతి అది. అప్పటికే గట్టిపడిన వెన్నుపూస పైపు మార్చినంత మాత్రాన మెత్తబడదు. ఆ లెక్క ఏ ప్రకటనలోనూ ఉండదు.

తాబేలు వెన్నులో సుడి

ఇప్పుడు పశ్చిమ హైదరాబాద్‌కు వద్దాం. గచ్చిబౌలి ఐఐఐటీలో సూరంపూడి బాపిరాజు బృందం మెదడును తీగల పటంగా చూస్తుంది. ఎంఆర్ఐతో మెదడులో ఏ భాగం నుంచి ఏ భాగానికి తంతువులు ఉన్నాయో గీస్తారు. ఆ పటాన్ని బట్టి, మనిషి ఊరికే పడుకుని ఉన్నప్పుడు ఏ భాగాలు కలిసి పనిచేస్తాయో గణితంతో ఊహిస్తారు. 2018లో ఈ బృందం ఫ్రాన్స్‌లోని విక్టర్ జిర్సాతో కలిసి రాసిన పేపర్ అలాంటిదే. రోడ్లు ఇవీ అని తెలిస్తే ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పగలమా అన్నది ప్రశ్న. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఉండేవాళ్లను అడిగితే రోడ్డు చూసి ట్రాఫిక్ చెప్పడం ఎంత కష్టమో వివరంగా చెబుతారు.

వెన్నుపాములో ఈ ప్రశ్నకు కొత్త జవాబు కోపెన్‌హాగెన్ నుంచి వచ్చింది. రూన్ బెర్గ్ బృందం తాబేలు నడుము దగ్గరి వెన్నుపాములో వందల న్యూరాన్లను ఒకేసారి విన్నది. కాలు చాచే గుంపు ఒకటి, ముడిచే గుంపు ఒకటి, రెండూ వంతులవారీగా పనిచేస్తాయని పుస్తకాల్లో ఉంది. అక్కడ కనిపించింది వేరు. న్యూరాన్లు రెండు జట్లుగా విడిపోలేదు. ఒకదాని వెనక ఒకటి వరసగా లేస్తూ, మొత్తం కలిపి గీస్తే గుండ్రంగా తిరిగే సుడిలా ఉంది. 2022లో ‘నేచర్’లో వచ్చింది. సుడి పెద్దదైతే కదలిక బలంగా, చిన్నదైతే బలహీనంగా. నూట పదేళ్ల కిందట గ్రాహమ్ బ్రౌన్ పిల్లిలో చూసిన తాళానికి ఇది కొత్త నొటేషన్.

ఆ తాళాన్ని మళ్లీ లేపవచ్చునా? లాసాన్‌లో గ్రెగ్వార్ కోర్టిన్ బృందం వెన్నుపాము మీద ఎలక్ట్రోడ్ల పట్టీ అతికించి, తెగిన చోటికి కింద ఉన్న న్యూరాన్లకు కరెంటు ఇచ్చి లేపుతోంది. 2011లో సైకిల్ ప్రమాదంలో కాళ్లు పోయిన గెర్ట్–యాన్ ఓస్కామ్ అనే డచ్ వ్యక్తి విషయంలో ఇంకో అడుగు వేశామని 2023లో ప్రకటించారు. మెదడు మీద కూడా ఎలక్ట్రోడ్లు పెట్టి, అతను ‘నడవాలి’ అనుకున్న సంకేతాన్ని పట్టుకుని, వైర్‌లెస్‌గా వెన్నుపాముకు పంపారు. తెగిన దారిని పక్కదారి పట్టించారు. అతను చేతికర్రలతో నడిచాడు, మెట్లెక్కాడు. పరికరం ఆపేసినా కొద్దిగా నడవగలిగాడు. అంటే మిగిలిన తంతువులు ఏవో మళ్లీ పనిలోకి వచ్చాయి.

ఇది రేవా కూలీకో, మర్రిగూడ రైతుకో అందే వైద్యమా? ఇప్పట్లో కాదు. వాళ్లకు ఇవాళ దొరికేది బిగువు తగ్గించే బాక్లోఫెన్ మాత్ర, ఫిజియోథెరపీ, ఒక చేతికర్ర. బాక్లోఫెన్ చేసే పని కూడా చూడండి. వెన్నుపాములో రెచ్చిపోతున్న సర్క్యూట్ నోరు నొక్కుతుంది. మెదడు పంపాల్సిన ‘చాలు, ఆగు’ అనే మాటను మాత్ర రూపంలో పంపుతుంది. మోతాదు ఎక్కువైతే నిలబడటానికి పనికొస్తున్న బిగువు కూడా పోయి మనిషి కూలబడతాడు. కొంతమందికి ఆ బిగువే ఊతకర్ర.

మీ ఇంట్లో చూసుకోవాల్సినవి

ఒకటి పప్పు. కందిపప్పులో, శనగపిండిలో కేసరి కల్తీ కొత్త సంగతి కాదు. కందిపప్పు గుండ్రంగా, నున్నగా ఉంటుంది. కేసరి బద్ద ఒక పక్క వాలుగా, గొడ్డలి అంచులా చదునుగా, మూలలు తేలి ఉంటుంది. పళ్లెంలో పరచి వెలుతురులో చూస్తే తెలిసిపోతుంది. పిండి అయ్యాక తెలియదు, అందుకే విడిగా అమ్మే చవక శనగపిండి కన్నా పప్పు కొని మరకు వేయించుకోవడం మేలు. కనిపిస్తే ఆహార భద్రత అధికారులకు ఫిర్యాదు చేయండి.

రెండోది చెప్పులు. ఇంట్లో పెద్దవాళ్ల హవాయి చెప్పులు తిరగేసి చూడండి. మామూలు నడకలో మడమ దగ్గర అరుగుతుంది. ముందు భాగం, బొటనవేలి కింద అరిగి ఉంటే, గడప దగ్గర కాలు తట్టుకుంటోందంటే, చొక్కా గుండీ పెట్టుకోవడానికి చేతివేళ్లు తడబడుతున్నాయంటే దాన్ని వాతం అనో, వయసు అనో వదిలేయకండి. మోకాళ్ల నూనె రాసి నెలలు గడపకండి. నల్లగొండ, ప్రకాశం వైపు నుంచి వచ్చి నాచారంలోనో రామంతాపూర్‌లోనో స్థిరపడిన కుటుంబాలైతే చిన్నప్పుడు తాగిన నీళ్ల గురించి డాక్టరుకు తప్పక చెప్పండి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ మూడింట్లోనూ న్యూరాలజీ విభాగాలున్నాయి. మెడ దగ్గర నొక్కుకున్న వెన్నుపామును సమయానికి వదిలిస్తే నడక నిలుస్తుంది. ఆలస్యమైతే ఎంత మంచి సర్జనూ పోయిన తంతువును తిరిగి తేలేడు.